సోమవారం బ్యాండు

కార్యదర్శిగారు జాజ్ గురించి మాట్లాడమన్నారు. జాజ్ అంతా చెప్పుకోవాలంటే ఈ సాయంత్రం చాలదు కాబట్టి ఒక్క బ్యాండు కథతో సరిపెడతాను.

న్యూయార్క్‌లో విలేజ్ వ్యాన్‌గార్డ్ అనే క్లబ్బు ఉంది. ఇరుకు మెట్లు దిగి నేలమాళిగలోకి వెళ్లాలి. నూటపాతిక మంది పడితే గొప్ప. 1966 ఫిబ్రవరి 7న, ఒక సోమవారం రాత్రి, ఆ గదిలో స్వరకర్త థాడ్ జోన్స్, డ్రమ్మర్ మెల్ లూయిస్ కలిసి ఒక బిగ్ బ్యాండును వేదిక ఎక్కించారు. ట్రంపెట్లు, ట్రాంబోన్లు, శాక్సఫోన్లు, పియానో, బేస్, డ్రమ్స్. ఇంతమందికి జీతమిచ్చి ఊరూరా తిప్పే రోజులు రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే పోయాయి. పైగా బీటిల్స్ ఊపేస్తున్న కాలం.

అయినా నిలిచింది. ప్రతిభ వల్ల అంటే నేను ఒప్పుకోను, ప్రతిభ ఉన్న బ్యాండ్లు ఎన్నో మూతపడ్డాయి. దీన్ని నిలబెట్టింది సోమవారం. ఆ వాద్యగాళ్లలో చాలామందికి స్టూడియోల్లో, టీవీలో చేతినిండా పని. సోమవారం రాత్రి తీరిక. క్లబ్బుకేమో అది బేరం లేని రోజు. పొట్టకూటికి ఎవరో రాసిచ్చింది వాయించేవాళ్లు, ఆ ఒక్క రాత్రి తమకు నచ్చింది వాయించుకునేవారు. మన ఊళ్లలో శనివారం భజన లాంటిదే అనుకోండి. ఒకరు రాకపోతే ఆ చోట ఇంకొకరు కూర్చుంటారు, భజన ఆగదు.

ఇక వాయించడానికి స్వరాలు రాసిన కాగితాలు కావాలి కదా. మరో బ్యాండు నాయకుడు కౌంట్ బేసీ తన బ్యాండు కోసం థాడ్ చేత రాయించుకుని, తమ తీరుకు కుదరవని తిప్పిపంపిన రచనలు ఉన్నాయి. వాటితోనే ఈ బ్యాండు మొదలైంది. బేసీకి మనం రుణపడి ఉన్నామనే నా ఉద్దేశం!

థాడ్ ముందు నిలబడి చేతులతో నడిపించేవాడు. పాట మధ్యలో అందరినీ ఆపేసి సోలో వాద్యగాణ్ణి ఒంటరిగా వదిలేసేవాడు. అతను ఏం చేసుకుంటాడో చూసి, తనకు తోచినప్పుడు మళ్లీ బ్యాండును లోపలికి పిలిచేవాడు. వెనక మెల్ లూయిస్ డ్రమ్స్ మీద విరుచుకుపడే రకం కాదు. నలుగురైదుగురి బృందానికి వాయించినంత ఒద్దికగా బ్యాండంతటినీ మోసేవాడు.

1979లో థాడ్ డెన్మార్క్ వెళ్లిపోయాడు. మెల్ వదల్లేదు. బాబ్ బ్రూక్‌మేయర్ లాంటివాళ్ల చేత కొత్త రచనలు చేయించాడు, 1990లో పోయేదాకా నడిపాడు. ఆ తర్వాత నాయకుణ్ణి వెతుక్కోకుండా వాద్యగాళ్లే పగ్గాలు పట్టారు. వ్యాన్‌గార్డ్ జాజ్ ఆర్కెస్ట్రా అని పేరు పెట్టుకున్నారు. థాడ్ కాగితాలూ ఉన్నాయి, కొత్తవీ చేరుతున్నాయి. 2020లో కోవిడ్ వచ్చి క్లబ్బు మూతపడింది. మళ్లీ తెరిచాక సోమవారం వాళ్లదే.

ఇప్పుడు థాడ్ రాసిన 'ఎ చైల్డ్ ఈజ్ బార్న్' వినిపిస్తాను. 1970 నాటి రికార్డింగు, నాలుగు నిమిషాలుంటుంది. ముందు రోలాండ్ హన్నా పియానో, తర్వాత థాడ్ ఫ్లూగల్‌హార్న్. బ్యాండు ఎంత ఆలస్యంగా వస్తుందో గమనించండి. వెనకవాళ్లు కాస్త ముందుకు జరగండి, ఈ స్పీకరు చిన్నది.