గీత అవతల పోయే ఆట

(ఆకాశవాణి మహిళా కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



వేసవి సెలవులు వచ్చాయంటే మన ఇళ్ళలో మగపిల్లలకు తెల్లవారుజామునే మెలకువ వస్తుంది. బడి వున్న రోజుల్లో పదిసార్లు పిలిచినా దుప్పటి తియ్యని పిల్లవాడు, ఆట అనేసరికి మనకంటే ముందే లేచి బ్యాటు భుజాన వేసుకుని వాకిట్లో నిలబడతాడు. జనగామలో అయినా, మహబూబాబాద్‌లో అయినా, భూపాలపల్లిలో సింగరేణి క్వార్టర్ల దగ్గర అయినా ఇదే వరస. మొదటి షిఫ్టుకు తండ్రి, మైదానానికి కొడుకు ఒకేసారి బయలుదేరే ఇళ్ళు కూడా వున్నాయి.

ఎండెక్కి వాడు ఇంటికి రాగానే తల్లులం అడిగే మాట ఒక్కటే. "ఎన్ని కొట్టినవ్ బిడ్డా?" పరుగులు బాగా కొడితే మురుస్తాం. పక్కింటి పిల్లవాడితో గొడవపడి వచ్చాడని తెలిస్తే మాత్రం, "మగపిల్లవాడు, ఆమాత్రం రోషం వుండొద్దూ?" అని పైకి అన్నా అనకపోయినా, లోపల కొంచెం గర్వపడతాం. ఆ గర్వం గురించే ఇవాళ నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను. అందుకు మన తెలుగువాడే, దేశమంతా పేరు తెలిసిన ఒక క్రికెట్ ఆటగాడి కథ తీసుకుంటాను. ఆయన అంబటి రాయుడు.

రాయుడు 1985 సెప్టెంబరులో గుంటూరులో పుట్టాడు. ఆట నేర్చింది హైదరాబాదులో, విజయ్ పాల్ గారి శిక్షణలో. 2002లో, పదహారేళ్ళ వయసులో హైదరాబాద్ రంజీ జట్టులోకి వచ్చాడు. అదే ఏడాది మన పందొమ్మిదేళ్ళలోపు పిల్లల జట్టుతో ఇంగ్లండ్ వెళ్ళి, ఒక మ్యాచ్‌లో 177 పరుగులు చేసి అవుట్ కాకుండా మిగిలాడు. నవంబరులో ఆంధ్ర జట్టు మీద మొదటి ఇన్నింగ్స్‌లో 210, రెండో దానిలో అవుట్ కాకుండా 159. ఒకే రంజీ మ్యాచ్‌లో డబుల్ సెంచరీ, సెంచరీ రెండూ చేసినవాళ్ళలో అంత చిన్నవాడు అప్పటికి లేడు. పదిహేడేళ్ళ పిల్లవాడు! మన ఇళ్ళలో ఆ వయసు పిల్లలు ఇంటర్ పరీక్షలకు తల పట్టుకుని కూర్చుంటారు.

2004లో బంగ్లాదేశ్‌లో జరిగిన పందొమ్మిదేళ్ళలోపు ప్రపంచ కప్‌కు మన జట్టుకు నాయకుడు రాయుడే. ఆ జట్టులో ఎవరెవరున్నారో వినండి. దినేశ్ కార్తీక్, సురేశ్ రైనా, ఆర్.పి. సింగ్, రాబిన్ ఉతప్ప, శిఖర్ ధావన్. కార్తీక్ అదే 2004లో భారత జట్టులో ఆడాడు. రైనా, ఆర్.పి. సింగ్ 2005లో, ఉతప్ప 2006లో, ధావన్ 2010లో. వీళ్ళందరినీ ముందు నడిపించిన నాయకుడికి భారత జట్టు టోపీ దొరికింది ఎప్పుడో తెలుసా? 2013 జులైలో. అంటే తొమ్మిదేళ్ళకు.

ఈ తొమ్మిదేళ్ళు ఎక్కడికి పోయాయి? చెయ్యి విరిగిందా, కాలు విరిగిందా అంటే అదేమీ కాదు. పోయినవన్నీ గీత అవతలే పోయాయి. బౌండరీ గీత లోపల ఆయన ఆటకు వంక పెట్టినవాళ్ళు అరుదు.

మొదట హైదరాబాద్ జట్టు శిక్షకుడితో పొసగలేదు. పెద్దల మధ్య వర్గాలు, పంతాలు మన క్రికెట్ సంఘాల్లో వుండేవే. ఆంబోతుల కుమ్ములాటలో లేగదూడలు నలిగినట్లు అంటారు చూడండి, ఆ వయసులో ఆయన స్థితి అదే. తప్పంతా కుర్రవాడిదే అనటం ధర్మం కాదు. 2005–06లో హైదరాబాద్ వదిలి ఆంధ్ర జట్టుకు వెళ్ళాడు. ఆ సీజన్‌లోనే పాత జట్టు, కొత్త జట్టు ఎదురుపడినప్పుడు నిన్నటిదాకా తోటి ఆటగాడైనవాడితో మైదానంలోనే ఘర్షణ జరిగింది. పత్రికలన్నీ రాశాయి. మరుసటి ఏడాది తిరిగి హైదరాబాద్‌కే వచ్చాడు.

2007లో ఇండియన్ క్రికెట్ లీగ్ అని ఒక ప్రైవేటు పోటీ మొదలయింది. డబ్బు వస్తుంది, గుర్తింపూ వస్తుంది అని ఎందరో యువకులు అందులో చేరారు. అప్పటికి ఇరవై రెండేళ్ళు నిండని రాయుడు హైదరాబాద్ హీరోస్ అనే జట్టులో చేరాడు. క్రికెట్ బోర్డు ఆ లీగ్‌ను గుర్తించలేదు. చేరినవాళ్ళందరికీ దేశవాళీ పోటీల తలుపులు, భారత జట్టు తలుపులు మూసేసింది. 2008లో ఐ.పి.ఎల్. మొదలయినప్పుడు మన ఊళ్ళలో టీవీల ముందు జనం కిక్కిరిసి కూర్చున్నారు. రాయుడు మాత్రం బయట నిలబడ్డాడు. 2009లో బోర్డు క్షమించి తలుపు తీసింది. 2010లో ముంబయి ఇండియన్స్ తీసుకుంది. తర్వాత బరోడా వెళ్ళి రంజీలో ఆడి, మళ్ళీ మెట్టు మెట్టుగా ఎక్కి, 2013లో హరారేలో భారత జట్టు తరఫున మొదటి వన్డే ఆడాడు. అవుట్ కాకుండా 63 పరుగులు చేశాడు.

ఇక్కడ ఆయన్ని మెచ్చుకోవాలి. పడ్డవాడు లేచాడు. ఇరవై నుంచి పాతిక దాకా పైరు ఎదిగే కాలమంతా చేజారిన తర్వాత, ఇరవై ఏడేళ్ళకు మళ్ళీ మొదటి మెట్టు నుంచి ఎక్కటం అందరి వల్లా అయ్యేపని కాదు. మొత్తం 55 వన్డేలు ఆడి, 3 సెంచరీలతో 1694 పరుగులు చేశాడు. సగటు 47. ఆ సగటు చూసి ఎవరైనా గొప్ప ఆటగాడనే అంటారు. కానీ 55 మ్యాచ్‌లే. టెస్టు మ్యాచ్ ఒక్కటీ లేదు.

తర్వాతి కథ మీలో చాలామందికి గుర్తుంటుంది. 2018లో చెన్నై జట్టు తరఫున 602 పరుగులు చేసి, భారత జట్టులో నాలుగో నంబరు స్థానం సంపాదించాడు. 2019 ఏప్రిల్‌లో ప్రపంచ కప్ జట్టు ప్రకటిస్తే అందులో ఆయన పేరు లేదు. విజయ్ శంకర్‌ను తీసుకున్నారు. బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్ అని ఆయనలో మూడు కోణాలున్నాయని సెలెక్టర్ల పెద్ద చెప్పారు. రాయుడు ఊరుకోలేదు. ప్రపంచ కప్ చూడటానికి త్రీడీ కళ్ళజోడు తెప్పించుకున్నానని అందరూ చూసేలా ఒక చమత్కారం విసిరాడు. దేశమంతా నవ్వింది. ఆయన్ను మాత్రం అవసరమైతే పిలిచే ఆటగాళ్ళ జాబితాలో వుంచారు. విజయ్ శంకర్‌కు దెబ్బ తగిలి వెనక్కు వచ్చినప్పుడు పిలుపు రాయుడికి రాలేదు, మయాంక్ అగర్వాల్‌కు వెళ్ళింది. జులై 3న ఆటకే స్వస్తి అని రాయుడు ఉత్తరం రాశాడు. ఆగస్టు నెలాఖరుకు ఆ ఉత్తరం వెనక్కు తీసుకున్నాడు. 2022లో కూడా ఐ.పి.ఎల్. వదిలేస్తున్నానని ఒక ప్రకటన చేసి, కాసేపటికే తీసేశాడు. ఆట నిజంగా చాలించింది 2023లో, చెన్నై కప్పు గెలిచిన రోజు. అది ఆయన చూసిన ఆరో ఐ.పి.ఎల్. కప్పు. ఆ డిసెంబరులో ఒక రాజకీయ పార్టీలో చేరి, పదిరోజులు తిరక్కుండానే బయటికి వచ్చేశాడు.

అమ్మా, ఇది ఒక మనిషిని వేలెత్తి చూపటానికి చెప్పటం లేదు. 2019లో ఆయనకు అన్యాయం జరిగిందనే నాకూ అనిపిస్తుంది. పెద్ద పెద్ద ఆటగాళ్ళే ఆ మాట అన్నారు. కానీ న్యాయం మన పక్షాన వుండటం వేరు, ఆ న్యాయాన్ని నిలబెట్టుకునే ఓపిక వుండటం వేరు. కోపం చల్లారాక చేసే పని, కోపం మీద వుండగా చేస్తే నష్టపోయేది మనమే. నిదానమే ప్రధానమని పెద్దలు ఊరికే అనలేదు.

ఇలాంటి కథ అమెరికాలోనూ వుంది. అక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట కాదు. బంతిని చంకన పెట్టుకుని, మీద పడేవాళ్ళను తప్పించుకుంటూ పరుగెత్తే ఆట. అలా పరుగెత్తటంలో మోరిస్ క్లారెట్ అనే కుర్రవాడు మేటి. రాయుడు డబుల్ సెంచరీ కొట్టిన ఆ 2002 సీజన్‌లోనే, ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయాన్ని దేశంలో మొదటి స్థానంలో నిలబెట్టాడు. మరుసటి ఏడాది నియమాలు మీరాడని విశ్వవిద్యాలయం ఆటనుంచి తప్పించింది. ఆగి మళ్ళీ మొదలుపెట్టకుండా, వృత్తి ఆటలోకి ముందుగానే రానివ్వమని కోర్టుకెక్కి ఓడిపోయాడు. 2005లో డెన్వర్ జట్టు తీసుకుంది గాని, సీజన్ మొదలవకముందే పంపించేసింది. 2006లో నేరాలకు జైలుకు పోయి 2010లో బయటికి వచ్చాడు. ఆ తర్వాత యువకుల ముందు నిలబడి తన కథే చెప్పుకుంటున్నాడు. రాయుడి మీద అలాంటి నేరాలేవీ లేవు, ఇద్దరినీ ఒక గాటన కట్టకూడదు. అయినా ఒక్క పోలిక వుంది. ఇద్దరికీ కాలు జారింది మైదానం బయటే.

ఇక మన ఇంటి సంగతికి వద్దాం. ఆడపిల్ల పుట్టిననాటినుంచీ మనం నేర్పే మొదటి విద్య ఓర్పు. "గట్టిగా మాట్లాడకు, సర్దుకుపో, అత్తవారింట్లో ఎట్లా బతుకుతావ్?" అని అరిగిపోయేదాకా చెబుతాం. అదే ఇంట్లో మగపిల్లవాడు కంచం విసిరికొడితే, "వాడికి వాళ్ళ తాత కోపమొచ్చింది" అని చుట్టాలకు ముచ్చటగా చెప్పుకుంటాం. ఆడపిల్లకు అక్కరకు మించిన ఓర్పు, మగపిల్లవాడికి అసలే లేని ఓర్పు. రెండూ మన చేతి వంటే. రేపు శిక్షకుడు ఒక మాట అన్నప్పుడు, మేస్త్రీ అన్నప్పుడు, ఆఫీసరు అన్నప్పుడు ఆ పిల్లవాడు కంచం విసిరినట్లే ఉద్యోగం విసిరి వస్తాడు.

అలాగని అన్యాయాన్ని దిగమింగమని నేర్పమనటం లేదు. ఆడవాళ్ళం దిగమింగి దిగమింగి ఏం బావుకున్నామో మనకు తెలుసు. అడగవలసింది అడగాలి, ఎదిరించవలసింది ఎదిరించాలి. కాని ఎప్పుడు, ఎవరిని, ఎట్లా అన్నది నేర్పాలి. పదిహేనేళ్ళ పిల్లవాడికీ శిక్షకుడికీ మాటా మాటా వస్తే, వాడిని ఒంటరిగా కొట్లాటకు పంపకండి. తల్లో తండ్రో వెళ్ళి కూర్చుని మాట్లాడాలి. కోపంతో ఇంటికి వస్తే ముందు ఇంత అన్నం పెట్టండి. ఆ రాత్రి ఏ నిర్ణయమూ వద్దనండి. ఉత్తరం రాస్తానంటే రాయనివ్వండి, పంపటం మాత్రం రెండు రోజులాగి పంపమనండి. ఇవాళ చేతిలో ఫోను వుంది కనుక, మనసులో పుట్టిన మాట నిమిషంలో లోకమంతా తిరుగుతుంది. వెనక్కు తీసుకున్నా చూసినవాళ్ళు మరిచిపోరు. "ఎన్ని కొట్టినవ్?" అన్న ప్రశ్న తర్వాత "ఎవరితో ఎట్లా వున్నవ్?" అని కూడా అడగండి.

మన దగ్గరే ఒక పిల్ల వుంది. మహబూబాబాద్‌కు పొరుగునే, వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ గ్రామం. దీప్తి జీవాంజి. పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదలలో లోపం. ఊరివాళ్ళు ఎన్ని మాటలన్నారో, ఎన్ని పేర్లు పెట్టారో ఆ తల్లిదండ్రులకే తెలుసు. కూలి చేసుకునే కుటుంబం, కష్టాల్లో వున్న కాస్త భూమీ అమ్ముకున్నారు. ఆ పిల్ల 2024 మేలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు నెలకొల్పింది. ఆ సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. బహుమతి సొమ్ముతో అమ్మిన పొలం తిరిగి కొనుక్కున్నారు. మైదానం బయటి కష్టాలు ఆ పిల్లకు తక్కువేమీ కావు. రాయుడు పడ్డవాటికంటే ఎక్కువే. అయితే ఊరు ఎన్నన్నా ఇల్లు ఆమె వెనకనే నిలబడింది. పరుగు పిల్లది, నిబ్బరం ఇంటిది.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. ఇంట గెలవటమంటే ఇంట్లోవాళ్ళ మీద గెలవటం అనుకుంటాం. తన కోపం మీద తాను గెలవటం అని నేను అర్థం చెప్పుకుంటాను. ఆ గెలుపు నేర్పే శిక్షకులు ఏ స్టేడియంలోనూ దొరకరు. ఆ పని మనదే. ఆడపిల్లకు చెప్పే ఓర్పులో సగం తీసి మగపిల్లవాడికి పెట్టండి. మగపిల్లవాడి రోషంలో సగం తీసి ఆడపిల్లకు ఇవ్వండి. ఇద్దరూ బాగుపడతారు.

సెలవు.