తెలుగునేలలో రోము నాణెములు



భిలాయి పట్టణవాసులకు లోహమునుగూర్చి క్రొత్తగా చెప్పనక్కరలేదు. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాదుగారు మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించినది మొదలు లోహము కరగుట ఇచ్చటి కుటుంబములకు నిత్యానుభవము. కరగిపోయిన వస్తువు మరల పూర్వరూపము పొందదని ఇచ్చటి బాలురును ఎరుగుదురు. ప్రాచీన రోము నాణెముల విషయమున ఈ సత్యమే ప్రధానమైనది.

క్రీస్తుశకము మొదటి శతాబ్దమున ఒక గ్రీకు నావికుడు వ్రాసిన ‘పెరిప్లస్’ అను గ్రంథమున ‘మసాలియా’ అను ప్రాంతము సన్నని నూలువస్త్రములకు ప్రసిద్ధమని కలదు. అది కృష్ణాతీరమని పండితుల అభిప్రాయము. భారతదేశ వస్తువులకై ఏటేట అయిదుకోట్ల సెస్టర్సులు తరలిపోవుచున్నవని రోము పండితుడు ప్లినీ వాపోయెను. ఆ ధనములో కొంత నేటికిని తెలుగునేల నుండి వెలువడుచున్నది. నల్లగొండ మండలమందలి అక్కనపల్లెలో 1531 వెండి నాణెములు ఒక్కచోటనే లభించినవి. కొండాపురమున రోము నాణెములను అనుకరించి చేసిన మట్టిబిళ్లలు దొరకినవి. భిలాయికి ఎంతో దూరములేని బిలాస్‌పూర్ ప్రాంతమందును రోము బంగారు నాణెములు బయల్పడినవి.

నాగార్జునకొండ శిథిలములను 1926లో రంగస్వామి సరస్వతిగారు గుర్తించిరి. సాగర నిర్మాణమువలన ఆ లోయ మునుగనున్నందున 1954 నుండి 1960 వరకు సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యమున విస్తారముగా త్రవ్వకములు జరిగినవి. ముఖ్య కట్టడములు కొన్ని కొండమీదికిని, అనుపునకును తరలింపబడినవి. 1966లో వస్తుప్రదర్శనశాల వెలసినది. ఆ స్థలమున దొరకిన రోము బంగారు నాణెములలో ఒకటి టైబీరియస్ చక్రవర్తిది, మరియొకటి ఆంటోనినస్ పయస్ పత్ని ఫాస్టినాది. ఈ రెండవది సుమారు 141వ సంవత్సరమున ముద్రింపబడినది. కావున అట్టి నాణెము చెదరని మట్టిపొరలో కనబడినచో, ఆ పొర 141కి పూర్వపుది కాజాలదు. అందలి కుండపెంకులకును, ఇటుకలకును ఆ నాణెమే కాలము చెప్పును. కాని అదే నాణెము అంగడిలో చేతులు మారి వచ్చినచో ఈ సాక్ష్యము నశించును.

తెలుగునాట దొరకిన పలు బంగారు నాణెములపై చక్రవర్తి ముఖమునకు అడ్డముగా గాటు కానవచ్చును. లోపల బంగారమో కాదో పరీక్షించిరని కొందరును, నాణెముగా చెల్లకుండ చేసిరని మరికొందరును చెప్పుదురు. కంసాలి మూసలోనికి పోయిన నాణెముతో ఆ గాటును, ఆ ప్రశ్నయు కూడ కరగిపోవును.

1878వ సంవత్సరపు నిధి నిక్షేపముల చట్టమును చూచి పలువురు భయపడుదురు. దొరకిన నిధి విలువ పదిరూపాయలు మించినచో కలెక్టరునకు తెలుపవలెనని అందు కలదు. దాచినవారికి శిక్షయు కలదు. అయితే ప్రభుత్వము ఆ నిధిని తీసికొన్నచో లోహపు వెలకుపైన అయిదవవంతు అదనముగా చెల్లింపవలెననియు అందే విధింపబడినది. ఈ రెండవ మాట పల్లెలకు చేరలేదు. చేరియుండినచో ఎన్ని కుండలు కొలిమి తప్పించుకొనియుండెడివో!

పరమేశ్వరీలాల్ గుప్తగారు ఆంధ్రప్రదేశ్‌లోని రోము నాణెములపై రచించిన గ్రంథమును 1965లో రాష్ట్రప్రభుత్వము ప్రకటించినది. అట్టి గ్రంథములవలననే ఒక గ్రామమున దొరకిన ముక్క దూరదేశ పండితునికిని ఉపయోగపడును. అయితే పండితుని పని నాణెము చేతికందిన పిమ్మటనే మొదలగును. అంతకు ముందటి పని గునపము పట్టినవానిది.

భిలాయిలోని తెలుగు కుటుంబములు సెలవులకు స్వగ్రామములకు పోవుచుండును. నూతికో పునాదికో త్రవ్వుచుండగా పాతకుండ బయటపడినచో, దానిని కడుగక, పంచుకొనక, దొరకిన తావును గుర్తించి అధికారులకు తెలుపుడని బంధువులకు చెప్పుట వారికి సాధ్యమైన పని. పిల్లలను ఒకసారి రాయపూరులోని మహంత్ ఘాసీదాస్ వస్తుప్రదర్శనశాలకు తీసికొనిపోయినచో ఆ మాట వారి మనస్సున మరింత నిలుచును. ఇనుము కరగించి దేశమునకు పట్టాలు పోయు ఊరివారికి, కరగింపరానిదేదో తెలిసియుండుటయు శోభాకరమే.