కారు ఇంజన్‌కు రెక్కలు



వర్క్‌షాప్‌లో నాకు తొలి పాఠాలు చెప్పిన మాస్టారి పేరిట ఈ ఉపన్యాసం. కొత్త ఇంజన్ కనిపిస్తే మేం ఎన్ని గుర్రాల శక్తి అని అడిగేవాళ్ళం. ఆయన నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో అడగమనేవారు. అప్పట్లో చాదస్తం అనుకున్నాను. సొంతంగా విమానాలు కట్టుకున్నవాళ్ళ చరిత్ర చదివాక ఆ మాట విలువ తెలిసింది.

ఈ కథ ఒక తిరస్కారంతో మొదలైంది. తేలికైన ఇంజన్ కావాలని రైట్ సోదరులు కార్ల తయారీదారులకు ఉత్తరాలు రాస్తే కావలసినది ఎవరూ ఇవ్వలేకపోయారు. చివరికి వాళ్ళ సైకిల్ షాపు మెకానిక్ చార్లీ టేలర్ 12 గుర్రాల ఇంజన్ చేసిచ్చాడు. 1903లో ఎగిరింది దానితోనే. ఆపైన విమాన ఇంజన్లు తమ దారిన తాము పోయాయి. వాటి ధర కూడా సామాన్యుడికి అందనంత ఎత్తుకు పోయింది.

ఆ ధర భరించలేనివాళ్ళలో ఒకడు బెర్నార్డ్ పీటెన్‌పోల్. అమెరికాలోని మిన్నెసోటాలో చెర్రీ గ్రోవ్ అనే చిన్న ఊరు ఆయనది. చదువుకున్న ఇంజనీరు కాడు, చేస్తూ నేర్చుకున్నవాడు. 1929లో ఫోర్డ్ మోడల్-ఎ కారు ఇంజన్‌ను చెక్కతో కట్టిన రెండు సీట్ల విమానానికి బిగించి ఎగిరాడు. విమానం పేరు ఎయిర్ క్యాంపర్. కారు ఇంజన్‌తో విమానం పనికిరాదని నమ్మిన ఒక పత్రికా సంపాదకుడు ఉండేవాడు, వెస్టన్ ఫార్మర్. వాదన పెట్టుకోకుండా పీటెన్‌పోల్ 1930లో రెండు విమానాలు అతని ఊరికే ఎగరేసుకొచ్చి చూపించాడు. 1932లో ఆ నమూనా చిత్రాలను అచ్చు వేసింది ఆ పత్రిక వాళ్ళే!

ఆయన చేసిన మార్పు దగ్గర కాసేపు ఆగుదాం. కారులో ఫ్లైవీల్ ఇంజన్‌కు వెనక ఉంటుంది. పీటెన్‌పోల్ ఇంజన్‌ను వెనక్కి తిప్పి, ఆ కొసకే ప్రొపెల్లర్ బిగించాడు. దాంతో రేడియేటర్ పైలట్ వైపు వచ్చి, ఇంజన్ మీద నిటారుగా, సరిగ్గా కళ్ళెదుట నిలబడింది. కిటికీకి బీరువా అడ్డం పెట్టినట్టు! బ్యాటరీ చచ్చినా నిప్పురవ్వ ఆగకుండా మాగ్నెటో పెట్టాడు. రోడ్డు మీద బండి ఆగితే పక్కకు తోసుకోవచ్చు, ఆకాశంలో పక్క ఏదీ?

ఇప్పుడు మాస్టారి ప్రశ్నకు వద్దాం. ఆ ఫోర్డ్ 3.3 లీటర్ల ఇంజన్, 40 గుర్రాలు, నిమిషానికి 2200 చుట్లు. ఆ వేగంలో ఆరడుగుల ప్రొపెల్లర్ కొస సెకనుకు 210 మీటర్లు పోతుంది. అదే ప్రొపెల్లర్‌ను 5000 చుట్లు తిప్పితే కొస వేగం దాదాపు 480 మీటర్లు. ధ్వని వేగం సుమారు 340. అది దాటితే చప్పుడు మిగులుతుంది, లాగే బలం పోతుంది. అందుకే నెమ్మదిగా తిరిగే ఆ మొద్దు ఇంజన్ నేరుగా పనికొచ్చింది. తర్వాతి కాలపు చురుకైన కారు ఇంజన్లకు మధ్యలో గేర్లో బెల్టో పెట్టి వేగం తగ్గించాలి. అక్కడే చిక్కు. సిలిండర్ల దెబ్బదెబ్బకూ షాఫ్ట్ మెలితిరిగి వణుకుతుంది, ఆ వణుకు గేరు పళ్ళను తినేస్తుంది. శ్రద్ధగా చేసినవాళ్ళు నెగ్గారనుకోండి, కానీ డబ్బు మిగులుతుందని మొదలుపెట్టిన చాలామందికి ఆ మిగులు అక్కడే కరిగిపోయింది.

ఫోక్స్‌వాగన్ బీటిల్‌ది మరో దారి. గాలితో చల్లబడుతుంది, రేడియేటర్ బాధ లేదు. 1950లలో ఫ్రాన్స్‌లో డ్రూయిన్ టర్బులెంట్ వంటి ఒంటి సీటు విమానాలు దానితో ఎగిరాయి. 1960లలో పీటెన్‌పోల్ కూడా గాలితో చల్లబడే ఆరు సిలిండర్ల షెవర్లే కోర్వేర్ ఇంజన్‌కు మారాడు.

ఆ కోర్వేర్ తర్వాతి రోజుల్లో నేర్పిన పాఠం చేదుది. కొన్ని క్రాంక్‌షాఫ్టులు గాలిలోనే విరిగాయి. కారులో క్రాంక్‌షాఫ్ట్ పని తిరగడం. విమానంలో ప్రొపెల్లర్ దాన్ని ముందుకు లాగుతుంది కూడా. ముక్కు పక్కకు తిప్పబోతే తిరుగుతున్న ప్రొపెల్లర్ బొంగరంలా మొరాయించి షాఫ్ట్‌ను వంచబోతుంది. కారు చేసినవాళ్ళు ఆ బరువును ఎన్నడూ లెక్కవేయలేదు. ముందువైపు అదనపు బేరింగ్ పెట్టడం అప్పటినుంచే వచ్చింది.

పీటెన్‌పోల్ 1984లో పోయాడు. ఎయిర్ క్యాంపర్లు కట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు, ఫోర్డా కోర్వేరా అన్న వాదన కూడా వాళ్ళలో ఉంది. ఫోర్డ్ ఎంచుకున్నవాళ్ళు మాత్రం దిగేటప్పుడు ఇవాళ్టికీ రేడియేటర్ పక్కనుంచి తల బయటికి వంచి నేలను వెతుక్కుంటారు.