ముత్యాల దండకు కొత్త దారం

ముత్యాల దండలో వయసు ముందుగా మీద పడేది దారానికి. అమ్మమ్మ పెళ్లినాటి ముత్యం మనవరాలి మెడలోనూ మెరుస్తూనే ఉంటుంది. దాన్ని పట్టి ఉంచిన పట్టుదారం మాత్రం ఒంటి చెమటకు, తలనూనెకు, అత్తరుకు నానుతూ, ముత్యాల బరువుకు సాగుతూ లోలోపల నీరసించిపోతుంది. చివరికి అది తెగేది ఎక్కువగా మెడలో ఉన్నప్పుడే, నలుగురిలో తిరిగేటప్పుడే. అందుకే తరచూ వేసుకునే దండకు ఏడాదికో రెండేళ్లకో ఒకసారి దారం మార్చాలని ఆ పని తెలిసినవాళ్లు చెబుతారు. పండగకో పెళ్లికో తీసే దండకు అంత తొందర అక్కర్లేదు. కానీ పదేళ్లుగా అదే దారంతో ఉన్న దండను ఒకసారి పరీక్షగా చూడకుండా మెడలో వేసుకోవడం మంచిది కాదు.

ఈ దారం మార్చే పని నగల దుకాణంవాళ్లకే చేతనైనదని చాలామంది అనుకుంటారు. ఒంటిపేట దండ అయితే, చేతిలో నిదానం ఉంటే, ఇంట్లో కూర్చుని రెండు మూడు గంటల్లో చేసుకోవచ్చు. తెలుగువారి పెళ్లిళ్లలో నల్లపూసలు గుచ్చడమే ఒక వేడుక. ముత్తైదువలు కూర్చుని తలా కొన్ని పూసలు గుచ్చి పెళ్లికూతురికి ఇస్తారు. పూసలు గుచ్చిన చేతులకు సూదీ దారం కొత్త కాదు. ముత్యాల దగ్గర అదనంగా నేర్చుకోవలసింది ముడి వేయడం ఒక్కటే.

మంచి ముత్యాల దండను కాస్త వంచి చూస్తే ప్రతి రెండు ముత్యాల నడుమా ఒక చిన్న ముడి కనిపిస్తుంది. ముత్యం మెత్తని రత్నం. రాళ్ల గట్టిదనాన్ని చెప్పే మోస్ కొలమానంలో వజ్రానిది 10 అయితే, ముత్యానిది 2.5 నుంచి 4.5 మధ్య. పక్కపక్కనున్న ముత్యాలు ఒకదానితో ఒకటి ఒరుసుకుంటూ ఉంటే బెజ్జం చుట్టూ ఉన్న పైపొర అరుగుతుంది. ముడి వాటిని ఎడంగా ఉంచుతుంది. పైగా దారం ఎప్పుడైనా తెగితే జారిపోయేది ఒకటో రెండో ముత్యాలు, మిగిలినవన్నీ ముడుల మధ్య నిలబడిపోతాయి. ముడి లేని దండ తెగితే ఇంటిల్లిపాదీ నేల మీద వెతుక్కోవలసిందే.

1962లో వైట్‌హౌస్‌లో తీసిన ఒక ఫోటో లోకమంతా చూసింది. అమెరికా అధ్యక్షుడి కొడుకు, పసివాడైన జాన్ కెనెడీ జూనియర్, తల్లి జాక్వెలిన్ మెడలోని మూడు పేటల ముత్యాల దండను పట్టుకుని లాగుతుంటాడు, ఆమె నవ్వుతూ ఉంటుంది. అవి అసలు ముత్యాలు కావు, నకిలీవి. అయినా ఆ దండ 1996లో వేలంలో 2,11,500 డాలర్లు పలికింది. చంటిపిల్లలున్న ఇళ్లలో దండలు తెగడానికి మామూలుగా ఉండే కారణం ఆ ఫోటోలోనే ఉంది. అసలువైనా నకిలీవైనా, అలాంటి లాగుడుకు నిలవాల్సింది దారమూ ముడీ.

తెలుగు నేలకూ ముత్యానికీ చుట్టరికం పాతది. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనంలో, ఓడల్లో వచ్చిపోయే సరుకుల మీద ఎంతెంత సుంకమో రాయించాడు. ఆ సరుకుల్లో ముత్యాలూ ఉన్నాయి, పట్టునూలూ ఉంది. దండకు కావలసిన రెండూ ఆనాడే ఒకే రేవులో దిగేవన్నమాట. భద్రాచలంలో సీతారామ కల్యాణానికి ప్రభుత్వం ముత్యాల తలంబ్రాలు సమర్పించే ఆచారం గోల్కొండ తానీషా నాటి నుంచి వస్తున్నదని చెబుతారు. సముద్రం లేని హైదరాబాదుకు ముత్యాల నగరమనే పేరు రావడానికి కారణం ఇక్కడి పనివాళ్ల చేతులు. బెజ్జం వేయడం, వన్నె చూసి వేరుచేయడం, జత కలపడం, గుచ్చడం తెలిసినవాళ్లు ఇక్కడ స్థిరపడ్డారు. నిజాముల కాలంలో గల్ఫ్ నుంచి వచ్చిన ముత్యాలను బస్రా ముత్యాలనేవారు. 1995లో భారత ప్రభుత్వం 218 కోట్ల రూపాయలకు కొన్న నిజాం నగల్లో సత్‌లడా అనే ఏడు పేటల ముత్యాల హారం కూడా ఉంది. మికిమోటో కోకిచి 1893లో జపాన్‌లో ఆల్చిప్పలో అర్ధగోళాకారపు ముత్యాన్ని పండించాక క్రమంగా కథ మారింది. పెంపకపు ముత్యాలు వచ్చి, రాజుల మెడలో ఉండేది మధ్యతరగతి ఇంటి బీరువాలోకి చేరింది. ఇప్పుడు చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టి దుకాణాల్లో దొరికేవాటిలో చాలావరకు చైనాలో మంచినీటిలో పెంచినవే.

దారం మార్చడమంటే మరమ్మతు ఒక్కటే అనుకోనక్కర్లేదు, దండ రూపాన్నే మార్చుకోవచ్చు. బరోడా మహారాజులకు ఏడు పేటల ముత్యాల హారం ఉండేది. అందులోంచి ఏరిన 68 పెద్ద ముత్యాలతో కూర్చిన రెండు పేటల దండ 2007లో న్యూయార్క్ వేలంలో 70 లక్షల డాలర్లకు పైగా పలికింది. మన ఇళ్లలోనూ అత్తగారి పొడవాటి దండను ఇద్దరు కోడళ్లకు రెండు పొట్టి దండలుగా గుచ్చి ఇవ్వవచ్చు. మెడను అంటిపెట్టుకుని ఉండే దండకు 14 నుంచి 16 అంగుళాలు చాలు. కాలరెముకల మీదికి దిగేదానికి 17 నుంచి 19 అంగుళాలు కావాలి.

దారం మార్చే వేళ వచ్చిందో లేదో తెలుసుకోవడం సులువు. దండను ఒక చివర పట్టుకుని నిలువుగా వేలాడదీయాలి. ముత్యానికీ ముడికీ నడుమ దారం కనిపిస్తే అది సాగిందని అర్థం. ముడులు నల్లబడినా, పీచు లేచినా ఇక ఆలస్యం చేయకూడదు. అన్నిటికన్నా ముందు అరిగేది కొలికి దగ్గర, అంటే హుక్కు కలిసే చోట. ముందు అక్కడ చూడాలి.

వస్తువులు ఎక్కువేమీ అక్కర్లేదు. ముత్యాలు గుచ్చడానికని ప్రత్యేకంగా తయారైన పట్టుదారాన్ని అట్టకు చుట్టి అమ్ముతారు. దాని చివరనే మెలితిప్పిన సన్నని తీగ సూదిగా అతికించి ఉంటుంది. జర్మనీకి చెందిన గ్రిఫిన్ కంపెనీ దారం ఒక్కో అట్టకు రెండు మీటర్లుంటుంది, లావును బట్టి 0 నుంచి 16 దాకా నంబర్లు. ముత్యపు బెజ్జంలోంచి దారం కొంచెం బిగువుగా దూరాలి. మరీ సన్నమైతే వేసిన ముడి బెజ్జంలోకి జారిపోతుంది, మరీ లావైతే చివరి ముత్యాల్లో రెండోసారి దూరదు. దీంతోపాటు ఒక పట్టకారు, చిన్న కత్తెర, జిగురు, మగ్గం పనిలో వాడే జర్దోసీ లాంటి బోలు చుట్టతీగ కాస్త ఉంటే చాలు. కొలికి ఉంగరం దగ్గర దారం ఒరిసిపోకుండా ఆ చుట్టతీగ కాపాడుతుంది.

గట్టిగా ఉంటుంది కదా అని చేపల గాలానికి కట్టే నైలాన్ దారం వాడేవాళ్లున్నారు. అది దండను బిర్రుగా నిలబెడుతుంది, మెడ మీద ఒదగనివ్వదు. ముడి కూడా దానికి సరిగా పడదు. పట్టు మెత్తగా వంగుతుంది, చిన్న ముడి పడుతుంది. తెగే ముందు నల్లబడి, పీచు లేచి, ముందే హెచ్చరిస్తుంది. పట్టునే వాడమని ఇంత గట్టిగా చెప్పేది అందుకే.

పాత దారం కత్తిరించే ముందు దండను మడతల్లేని తువ్వాలు మీద పరిచి సెల్‌ఫోనులో ఒక ఫోటో తీసుకోవాలి. ముత్యాల్ని లెక్కపెట్టి రాసుకోవాలి. చాలా దండల్లో మధ్యలో పెద్ద ముత్యం ఉండి, చివరలకు పోనుపోను చిన్నవవుతాయి. ఆ వరుస చెదిరిపోతే మళ్లీ పేర్చడానికి గుచ్చడం కన్నా ఎక్కువ సమయం పడుతుంది. తువ్వాలును పొడవుగా మడిచి గాడి చేసి, ఒక్కొక్క ముడి పక్కన కత్తిరిస్తూ ముత్యాన్ని తీసి అదే వరుసలో గాడిలో పెట్టుకుంటూ పోవాలి.

ముత్యాలు విడిగా ఉన్నప్పుడే శుభ్రం చేయడానికి అనువు. గాఢత లేని సబ్బు కలిపిన గోరువెచ్చని నీటిలో మెత్తని గుడ్డ తడిపి తుడిచి, మంచినీటి గుడ్డతో మళ్లీ తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. బంగారు నగలను చింతపండుతోనో కుంకుడు రసంతోనో కడిగే అలవాటు మన ఇళ్లలో ఉంది. ముత్యాల దగ్గర ఆ అలవాటు పనికిరాదు. ముత్యంలో అధిక భాగం కాల్షియం కార్బొనేట్, పులుపు తగిలితే అది కరుగుతుంది, మెరుపు పోతుంది. ఒకసారి పోయిన ఆ మెరుపును ఏ మెరుగు పెట్టీ తిరిగి తేలేరు.

ఇక గుచ్చడం. దారాన్ని చేతులతో బాగా లాగి ముందే సాగదీయాలి, లేకపోతే ఆ సాగుడేదో మెడలో సాగుతుంది. దారం చివర ఒక ముడి వేసి, మూడు ముత్యాలు, వాటి తర్వాత అరంగుళం కన్నా తక్కువ చుట్టతీగ, ఆపైన కొలికి ఉంగరం ఎక్కించాలి. సూదిని వెనక్కి తిప్పి, ఉంగరం పక్కనున్న ముత్యంలోంచి మళ్లీ లాగితే చుట్టతీగ చిన్న మెడలా వంగి ఉంగరాన్ని పట్టుకుంటుంది. అక్కడ ఒక ముడి. రెండో ముత్యంలోంచి లాగి ఇంకో ముడి, మూడోదాని తర్వాత మరొకటి. ఇక్కడి నుంచి వరుసగా ఒక ముత్యం, ఒక ముడి.

మొత్తం పనిలో నేర్పు ఉన్నది ఈ ముడిలోనే. దారాన్ని ఎడమచేతి రెండు వేళ్ల చుట్టూ తిప్పి, గుచ్చిన దండనంతా ఆ వలయంలోంచి కిందికి దింపాలి. ముడి అప్పుడు వదులుగా ఉంటుంది. బిగించే ముందే పట్టకారు మొనను ఆ వలయంలో పెట్టి, ముత్యాన్ని తాకేదాకా జరపాలి. మొన ముత్యాన్ని ఆనుకున్నాక దారం బిగిస్తూ మెల్లగా మొనను లాగేయాలి. చివరగా బొటనవేలి గోటితో ముడిని ముత్యం వైపు నెట్టాలి. ముడి బిగిశాక జరగదు, తప్పు పడితే విప్పడం కష్టం. అందుకే మొదటిసారి చేసేవాళ్లు చవక పూసల మీద ఒక జానెడు గుచ్చి చేయి అలవాటు చేసుకోవాలి. ప్రాణం పోయేంత బిగించడం కూడా తగదు. అలా చేస్తే దండ కర్రలా నిలబడుతుంది. పదహారు అంగుళాల దండలో మధ్యరకం ముత్యాలు యాభైకి పైగా పడతాయి, వాటి ముడులన్నీ కలిసి ఒక అంగుళం పైచిలుకు పొడవు పెంచుతాయి. ముడుల్లేని పాత దండకు ముడులు వేసేవారు ఆ లెక్క చూసుకోవాలి.

చివరి మూడు ముత్యాలను ముడుల్లేకుండా ఎక్కించి, చుట్టతీగ, కొలికి రెండో సగం తగిలించి, మొదట్లో చేసినట్టే వెనక్కి వస్తూ ముడులు వేయాలి. ఆఖరి ముడి మీద సూదిమొనంత జిగురు పెట్టి, ఆరాక మిగిలిన దారం కత్తిరించాలి. మొదటి చివరన ఉన్న తోకకూ అంతే. దండను ఒక రోజు పరిచి ఉంచి, ఆ తర్వాతే వేసుకోవాలి. అత్తరు, పౌడరు, తలనూనె అన్నీ అయ్యాక ఆఖరున ముత్యాలు వేసుకుని, ఇంటికి రాగానే మొదట అవే తీసి మెత్తటి గుడ్డతో తుడిచి, మేకుకు తగిలించకుండా పెట్టెలో పడుకోబెడితే కొత్త దారం ఎక్కువకాలం నిలుస్తుంది.

కొన్ని దండలు మాత్రం ఇంట్లో విప్పకూడదు. ఎవరి ఇంట్లోనైనా తాతలనాటి బస్రా ముత్యాలుంటే వాటికి కత్తెర తగలనివ్వవద్దు. పాతకాలంలో సహజ ముత్యాన్ని బరువును బట్టి అమ్మేవారు. బరువు పెరిగేకొద్దీ ధర అంతకన్నా వేగంగా పెరిగే లెక్క కాబట్టి, పిసరంత బరువైనా తగ్గకుండా బెజ్జాన్ని వీలైనంత సన్నగా వేసేవారు. అందులో దారం రెండుసార్లు దూర్చాలని బలవంతం చేస్తే ముత్యం పగలవచ్చు. బెజ్జం పెద్దది చేయించడమంటే దాని విలువను తోడేయడమే. మూడు పేటలకు మించిన హారాలు కూడా, పేటల పొడవులు ఒకదానికొకటి సరిపడాలి కాబట్టి, చేయి తిరిగినవాళ్లకు ఇవ్వడమే నయం. పత్తర్‌గట్టిలో చాలా దుకాణాల్లో కొనుగోలుదారు ఎదుటే గుచ్చి ఇస్తారు. ఇచ్చే ముందు ముత్యాలు లెక్కపెట్టి, తూకం వేయించి, ఆ రెండు అంకెలనూ రసీదు మీద రాయించుకోవాలి. ప్రతి ముత్యానికీ ముడి కావాలని, పట్టుదారమే కావాలని నోరు తెరిచి అడగాలి.