ఆస్కో నుంచి నిమ్మలూరు దాకా
(బందరులో చేసిన స్మారకోపన్యాసం)



బెల్, అంటే భారత్ ఎలక్ట్రానిక్స్, బందరుకు ఎప్పుడొచ్చిందని అడిగితే ఊళ్లో ఎవరైనా 1983 అంటారు. ఆ ఏడు వచ్చింది భారత్ ఎలక్ట్రానిక్స్ యాజమాన్యం. సంస్థ మాత్రం 1926 నాటిది. ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ దాని పేరు, ఆస్కో అంటేనే మనవాళ్లకు తెలుస్తుంది. అంతకు ముందున్న ఈ 57 ఏళ్ల కథ వదిలేసి బెల్ చరిత్ర చెప్పడం నాకు న్యాయమనిపించదు.

ఆ రోజుల బందరును ఒకసారి గుర్తు చేసుకోండి. 1907లో బిపిన్ చంద్రపాల్ వచ్చి ఉపన్యసించాక ఊరు ఊరంతా స్వదేశీ మాటే. మూడేళ్లకు కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య గార్ల పూనికతో ఆంధ్ర జాతీయ కళాశాల వెలసింది. 1923లో పట్టాభిగారు ఇక్కడే ఆంధ్రా బ్యాంకు పెట్టారు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడింది. అదే ఏడు ఆస్కో పుట్టింది. చదువు మనది, డబ్బు మనది కావాలనుకున్న ఊరికి పరికరం కూడా మనదే కావాలన్న ఆలోచన రావడంలో వింత లేదు. కలకత్తాలో ప్రఫుల్ల చంద్ర రాయ్ గారు బెంగాల్ కెమికల్స్ ద్వారా మందుల విషయంలో చేసిన పని ఈ కోవలోదే.

అప్పట్లో సైన్సు చెప్పే ప్రతి కాలేజీకీ సన్నపు త్రాసులు, కటకాలు, విద్యుత్ కొలత సాధనాలు కావాలి. అవి ఓడల మీద ఇంగ్లండు నుంచో జర్మనీ నుంచో రావాలి. విరిగితే బాగుచేసే దిక్కుండదు. ఆ లోటు తీర్చడానికి పూనుకున్న కంపెనీ ఇది. బందరుకు సన్నపనితనం కొత్త కాదు. కలంకారీ అద్దకం ఇక్కడిది, చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ నగలు ఇక్కడివి. గాజును అరగదీసే చేతులు కూడా ఆ వరసలోవేనని నా నమ్మకం.

ఆ పని ఎంత సున్నితమైనదో ఒక్కసారి చూద్దాం. లెన్సు కావలసిన గాజుబిళ్లను ముందు గరుకుపొడితో, తరవాత అంతకంటే సన్నపొడితో అరగదీస్తారు. ఆపైన తారులాంటి పిచ్ ముద్ద మీద పాలిష్‌పొడి నీళ్లు చల్లుతూ నున్నగా చేస్తారు. సరిపోయిందో లేదో కంటితో తేలదు. వంపు పక్కాగా ఉన్న ఇంకో గాజును దాని మీద బోర్లించి, ఒకే రంగు వెలుతురులో చూస్తారు. మధ్యలో ఉన్న గాలిపొర పలచన, మందాలను బట్టి వలయాలు కనిపిస్తాయి. న్యూటన్ వలయాలంటే అవే. ఒక వలయం తేడా అంటే మిల్లీమీటరులో నాలుగువేలో వంతు కన్నా కాస్త ఎక్కువ. చెయ్యి ఎక్కడ ఒత్తాలో, ఎక్కడ వదలాలో ఆ వలయాలే చెబుతాయి. గాలిలో తేమ ఎక్కువైతే లెన్సుకు బూజు పడుతుంది. సముద్రపు గాలి వీచే మన ఊళ్లో ఈ పని చేసినవాళ్లను తలచుకుంటే నాకు గౌరవం రెట్టింపవుతుంది.

తరవాత ఆస్కో కుదేలైంది. ఆ దశలో రక్షణశాఖ కింద 1954లో బెంగళూరులో మొదలైన భారత్ ఎలక్ట్రానిక్స్ 1983లో దాన్ని చేతిలోకి తీసుకుంది. బెంగళూరు, గాజియాబాద్, పూనాల తరవాత నాలుగో యూనిట్ మన బందరు. పూనాలో అప్పటికే చీకట్లో చూసే సాధనాలకు కావలసిన ట్యూబులు తయారవుతున్నాయి. ట్యూబు ఉంటే చాలదు, దానికి ముందూ వెనకా లెన్సులు కావాలి, అన్నీ ఒకే గీత మీద కూర్చాలి. ఆ పని తెలిసిన ఊరు మనది. ప్రయోగశాలకు సాధనాలు చేసిన సంస్థే సైనికుడి కంటికి సాధనం చేయడం మొదలుపెట్టింది. రాత్రివేళ చూసే కళ్లద్దాలు, తుపాకీకి బిగించే సైట్లు, బైనాక్యులర్లు, యుద్ధ వాహనం నడిపేవాడికి చూపుసాధనాలు బందరు పేరుతో వెళ్లాయి.

రాత్రివేళ చూసే సాధనంలో జరిగేదేమిటంటే, నక్షత్రాల వెలుతురు ముందు లెన్సు గుండా వచ్చి ఒక సన్నటి పూత మీద పడుతుంది. ఆ పూత నుంచి ఎలక్ట్రాన్లు లేస్తాయి. వెంట్రుక కన్నా సన్నని లక్షల రంధ్రాలున్న గాజుబిళ్లలోంచి వెళుతూ అవి వేల రెట్లవుతాయి. చివర ఆకుపచ్చ తెర మీద బొమ్మ కడుతుంది. వెలుతురు బొత్తిగా లేనిచోట మనిషి ఒంటి వేడినే చూసే థర్మల్ ఇమేజర్ కావాలి. ఆ కిరణాలు మామూలు గాజులోంచి పోవు. దానికి జెర్మేనియంతో లెన్సు చేస్తారు. చూడటానికి అది మెరిసే లోహపు ముక్క, మన కంటికి అటువైపు ఏమీ కనిపించదు. గాజుకు అలవాటుపడిన ఊరు దాన్ని కూడా నేర్చుకుంది.

పామర్రు దగ్గర నిమ్మలూరులో సుమారు 360 కోట్ల రూపాయలతో బెల్ కట్టిన అధునాతన నైట్‌విజన్ ఫ్యాక్టరీని 2025 అక్టోబరు 16న ప్రధానమంత్రి ప్రారంభించారు. అదే ఏడు మే నెలలో దివిసీమలో నాగాయలంక క్షిపణి పరీక్షా కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. 1977 ఉప్పెన తుడిచిపెట్టిన సీమ అది. ఈ రెండింటిలోనూ మన పిల్లలకు ఉద్యోగాలు రావాలని అందరం కోరుకుంటున్నాం. ఐటీఐల్లోనూ పాలిటెక్నిక్కుల్లోనూ లెన్సుపని, కొలతపని నేర్పే తరగతులు ఇప్పటినుంచే మొదలుపెడితేనే ఆ కోరిక నెరవేరుతుంది. ఈ మాట అధికారులకు గట్టిగా చెప్పాల్సింది మనమే.

ఇంకో పని కూడా ఉంది. 2026తో ఆస్కోకు నూరేళ్లు. పాత కాలేజీల బీరువాల్లో ఆస్కో పేరున్న సాధనాలు తుక్కు కింద పోకముందే వాటిని ఒకచోట చేర్చాలి. పాత ధరల పట్టికలు, జీతపు చీటీలు, కార్మికుల ఫొటోలు ఏ ఇంట్లో ఉన్నా వాటికీ చోటు కల్పిద్దాం. అలాంటివి ఉన్నవారు సభ అయ్యాక దయచేసి నన్ను కలవండి. ఎవరి దగ్గర ఏముందో ఈ రాత్రే రాసుకుందాం.