వర్షకాలపు సవారీ – సైకిలుకు మడ్‌గార్డు

వర్షకాలములో సైకిలు ఎక్కేవారికి రెండు వానలు. ఒకటి ఆకాశము నుండి పడేది. దానికి గొడుగో, రెయిన్‌కోటో ఉన్నది. రెండవది నేల నుండి పైకి లేచేది. వాన వెలిసిన తరువాత కూడా అది ఆగదు. పైవాన తేటనీరు, క్రిందివాన బురదనీరు. ఈ రెండవ వాన నుండి కాపాడే సాధనము మడ్‌గార్డు. నేడు దానిని గురించే నాలుగు మాటలు చెప్పదలచినాము.

మన తండ్రుల నాటి నల్ల సైకిలుకు ఈ చర్చ అవసరమే లేదు. చక్రమును సగము చుట్టి వచ్చే ఇనుప మడ్‌గార్డు, దాని చివర రబ్బరు రెక్క, చైనుకు రేకు తొడుగు – అన్నీ కొట్టులోనే అమర్చి ఇచ్చేవారు. ఇప్పుడు మన పిల్లలు ముచ్చటపడి కొనిపించుకొనే లావు టైర్ల గేరు సైకిలు, అనగా మౌంటెన్ బైకు, తరచు మడ్‌గార్డు లేకుండానే ఇంటికి వస్తున్నది. దీనికి కారణము ఆ సైకిలు పుట్టుకలోనే ఉన్నది.

1970 తరువాతి సంవత్సరాలలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, మారిన్ కౌంటీలో, కొందరు యువకులు పాత లావు టైర్ల సైకిళ్ళను సేకరించి, టమల్పాయిస్ పర్వతపు మట్టిదారుల మీద పైనుండి క్రిందికి పరుగు తీయించేవారు. 1976లో అక్కడ మొదలయిన ఒక పందెమునకు ‘రీప్యాక్’ అని పేరు. దిగుడులో బ్రేకు వేసి వేసి వెనుక చక్రపు ఇరుసులోని గ్రీజు కాలిపోగా, పందెము తరువాత మరల గ్రీజు కూరవలసి వచ్చేది కనుక ఆ పేరు వచ్చినది. బరువు తగ్గుటకు వారు ఆ పాత సైకిళ్ళ నుండి ముందుగా ఊడబీకిన వస్తువులలో మడ్‌గార్డు ఒకటి. అక్కడ వేసవి అంతా పొడి. వాన లేని చోట దానికి పని ఏమున్నది? ఈ విధముగా మడ్‌గార్డును వదులుకొని పుట్టిన సైకిలు, జూను నుండి నెలల తరబడి తడిసే మన రోడ్ల మీదకు వచ్చినది. దోషము సైకిలుది కాదు. దేశకాలములకు తగినట్లు దానిని దిద్దుకొనుట మన పని.

మేము ఈ పాఠమును పుస్తకములో చదివి నేర్వలేదు. తెల్లవారుజామున మొదటి ప్రసారమునకు సైకిలు మీద స్టేషనుకు చేరుట మాకు అలవాటు. ఒక శ్రావణమాసపు ఉదయమున మేము లోపలికి అడుగుపెట్టగానే, వెనుక వస్తున్న మిత్రులొకరు, “అయ్యా, నామము నుదుట పెట్టుకొంటారు గాని వీపున పెట్టుకొన్నారేమి?” అన్నారు. చొక్కా విప్పి చూచుకొంటే నడుము నుండి మెడ వరకు నిలువునా బురదచార! నవ్వుకొన్నాము. ఆ సాయంత్రమే తొందరపడి ఒక మడ్‌గార్డు తెచ్చి బిగించినాము. ఆ తొందరకు చెల్లించిన మూల్యము తరువాత చెబుతాము.

ముందు ఆ నీరు ఎటు పోతుందో తెలియవలె. తడి నేలను తాకిన టైరు నీటిని అంటించుకొని, వెనుక ప్రక్కగా పైకి తీసికొని పోతుంది. టైరును విడిచిన బొట్టు, విడిచిన క్షణములో టైరు ఎటు కదులుతున్నదో అటే సూటిగా పోతుంది. నేలకు దగ్గరలో విడిచినది వెనుకకు చిమ్ముతుంది. ముందు చక్రమైతే అది మన పాదములను, పెడళ్ళ ఇరుసును, చైనును తడుపుతుంది. చక్రపు వెనుక అంచున విడిచినది పైకి లేస్తుంది. ఇంకా పైకి పోయి విడిచినది ముందుకు వంగి ఎగురుతుంది. వెనుక చక్రపు నీరు వీపున పడుటకు, ముందు చక్రపు నీరు ముఖమున పడుటకు ఇదే కారణము. వీపున పడిన బురద సబ్బుతో పోతుంది. కంట పడిన బురద లారీ ఎదురు వచ్చే క్షణములో కన్ను మూయిస్తుంది. కావున మడ్‌గార్డు బట్టల కోసము మాత్రమే కాదు.

ఇక రకములు. మొదటిది, చక్రమును చుట్టి వచ్చే నిండు మడ్‌గార్డు. ఊతకడ్డీలతో ఇరుసు దగ్గర బిగిస్తారు. నిత్యము బడికి, కచేరీకి తారురోడ్డున పోయేవారికి ఇంతకు మించినది లేదు. రెండవది, సీటు గొట్టమునకు పట్టువేసి తగిలించే వెనుక రెక్క. పెట్టుట, తీయుట సులభము; వీపును కాపాడుతుంది గాని చైనును కాపాడలేదు, గతుకులలో ప్రక్కకు తిరుగుతుంది. మూడవది, ఫ్రేము క్రింది గొట్టమునకు కట్టే రేకు. నాలుగవది, ముందు ఫోర్కు కమానుకు ప్లాస్టిక్ పట్టీలతో కట్టే చిన్న రేకు. ఈ చివరి దానిని దళసరి ప్లాస్టిక్ ఫైలు అట్టను కత్తిరించి ఇంటనే చేసికొనవచ్చును. ముఖమునకు మాత్రము అది చాలును.

ఏది ఎన్నుకొనవలె? నేలను చూచి ఎన్నుకొనవలె. ఎర్రనేల, గరుపనేల తడిసినా టైరుకు పెద్దగా అంటదు. నల్లరేగడి అటువంటిది కాదు. తడిసిన రేగడిలో నడచినవారికి చెప్పులకు చెప్పులు మొలచినట్లుండుట అనుభవమే. అదే మన్ను టైరుకు, మడ్‌గార్డుకు మధ్య దూరి చక్రమును కదలనీయదు. రేగడి దారిన పోయేవారికి నిండు మడ్‌గార్డు కంటె, టైరుకు దూరముగా ఉండే రెక్కయే మేలు.

తరువాత కొలతలు. మౌంటెన్ బైకు చక్రములు ముఖ్యముగా 26, 27.5, 29 అంగుళములని మూడు తరగతులు. చక్రపు కొలత, టైరు వెడల్పు టైరు ప్రక్కనే అచ్చువేసి ఉంటవి. మడ్‌గార్డు టైరు కంటె వెడల్పుగా ఉండవలె. 2.1 అంగుళముల టైరు, అనగా సుమారు 53 మిల్లీమీటర్లు, ఉన్నవారు 60 మిల్లీమీటర్లకు తగ్గనిది తీసికొనుట మంచిది. టైరుకు, మడ్‌గార్డుకు మధ్య తారురోడ్డుకు కనీసము 10, మట్టిదారికి 20 మిల్లీమీటర్ల ఎడము ఉండవలె.

ముందు ఫోర్కులో షాకబ్జర్లు ఉంటే మరొక చిక్కు. అది అణగినప్పుడు చక్రము పైకి వస్తుంది. 100 మిల్లీమీటర్ల వరకు అణగే ఫోర్కులు సామాన్యము. ఫోర్కు పైభాగమున బిగించిన మడ్‌గార్డును పైకి వచ్చిన టైరు తాకవచ్చును. చక్రముతో పాటు కదిలే క్రింది కాళ్ళకే దానిని బిగించుట సురక్షితము. బిగించిన పిదప హ్యాండిల్ మీద బరువంతా వేసి అదిమి, ఎక్కడయినా తాకుతున్నదేమో చూడవలె.

బిగించునప్పుడు ముందు పైభాగమును, తరువాత ఊతకడ్డీలను పట్టించవలె. ఫ్రేముకు ఉండే చిన్న రంధ్రములకు సాధారణముగా 5 మిల్లీమీటర్ల బోల్టు, దానికి 4 మిల్లీమీటర్ల ఎలెన్ కీ సరిపోతుంది. రంధ్రములు లేని ఫ్రేముకు రబ్బరు పూత గల పట్టీలు వాడవలె. మడ్‌గార్డులో నుండి పోయే బోల్టు తల టైరు వైపున, నట్టు బయటి వైపున ఉండవలె. లేకున్న బోల్టు మొన టైరును కోస్తుంది. నట్టు క్రింద వాషరు మరువరాదు. కడ్డీలు డిస్కు బ్రేకు పళ్ళెమునకు దూరముగా పోవలె. తుదకు చక్రమును ఎత్తి త్రిప్పి చెవి యొగ్గవలె. గరగర వినిపించినచో పని పూర్తికానట్లే.

ఇక మా కథ. ముందు మడ్‌గార్డు కడ్డీకి బోల్టు దొరకక మేము ఇనుప తీగతో చుట్టి, “రేపు చూచుకొందము” అనుకొన్నాము. ఆ రేపు పది దినములు సాగినది. గాలివాన వెలిసిన ఒక ఉదయమున రోడ్డున పడిన వేపపుల్ల ఒకటి టైరుతో పాటు లేచి మడ్‌గార్డులో ఇరుక్కొన్నది. వదులు కడ్డీ వంగినది, మడ్‌గార్డు ముడుచుకొని చక్రమును పట్టివేసినది. ముందు చక్రము ఆగిన సైకిలు సవారీని హ్యాండిల్ మీదుగా విసరివేస్తుంది. మణికట్టు విరిగి ఆరు వారములు కట్టుతో ఉన్నాము. వెనుక వస్తున్న ఆటోవారు సకాలమున బ్రేకు వేసిరి గనుక నేడు ఈ ప్రసంగము చేయగలుగుచున్నాము.

కావున ముందు మడ్‌గార్డు విషయమున రెండు నియమములు. ఏదయినా ఇరుక్కొన్నప్పుడు తానుగా విడిపోయే ప్లాస్టిక్ క్లిప్పులు కడ్డీల చివర ఉన్నదానినే కొనవలె. వారమునకు ఒకసారి ప్రతి నట్టును వ్రేలితో కదలించి చూడవలె. పిల్లల సైకిలయితే ఆ చూచుట తల్లిదండ్రుల పని.

సంరక్షణ స్వల్పము. ఇంటికి రాగానే మడ్‌గార్డు లోపలి వైపు చెంబెడు నీళ్ళు పోసి మన్ను ఎండకముందే కడిగివేయవలె. చైను తుడిచి రెండు చుక్కల నూనె వేయవలె. పాత ట్యూబు ముక్కను ముందు మడ్‌గార్డు చివర వ్రేలాడదీసినచో పాదములు పొడిగా ఉంటవి. వెనుకదానికి తగిలించినచో మన వెనుక వచ్చేవారి ముఖమున మన బురద పడదు. ఆ వచ్చేవారెవరో మనకు తెలియదు, వారు మనకు కృతజ్ఞత చెప్పబోరు. అయినను ఆ ముక్కను కట్టుట మరువవద్దని మా మనవి.