నకలు ఉన్నదా? ఉంటే ఎక్కడ ఉన్నది?



మీ ఇంట్లో పదో తరగతి సర్టిఫికెట్టు, పొలం దస్తావేజు, రేషను కార్డు ఎక్కడ పెట్టుకుంటారు? బీరువాలోనో, ట్రంకు పెట్టెలోనో పెట్టుకుంటారు. వాటికి జిరాక్సు నకళ్లు కూడా తీయించి ఉంటారు. మరి ఆ నకళ్లు ఎక్కడ ఉన్నాయి? చాలామంది ఇళ్లలో అదే బీరువాలో, అదే కవరులో ఉంటాయి. 2015 డిసెంబరు మొదటి వారంలో చెన్నైలో అడయారు నది పొంగి ఇళ్లలోకి నీళ్లు వచ్చినప్పుడు, అలా దాచుకున్న వాళ్లకు అసలూ నకలూ కలిసే తడిసిపోయాయి. ఆ నెలలోనే తమిళనాడు ప్రభుత్వం ప్రత్యేక శిబిరాలు పెట్టి, పోయిన పత్రాలకు మారు ప్రతులు ఇవ్వవలసి వచ్చింది. ఎలా ఇవ్వగలిగింది? ఆ వివరాలు ఇంట్లో కాక వేరే చోట, ఆఫీసు రికార్డులలో, భద్రంగా ఉన్నాయి కనుక.

ఈనాటి నా ప్రసంగానికి మూలం ఇంతే. అసలు ఉన్న చోటనే నకలు ఉంటే అది ఆపదలో అక్కరకు రాదు. ఈ మాట కాగితాలకు ఎంత నిజమో, ఇప్పుడు మనం కంప్యూటరులో దాచుకునే వాటికీ అంతే నిజం.

ఈ రోజుల్లో ఊరి గుడికి, బడికి, తెలుగు సంఘానికి, చిన్న దుకాణానికి కూడా ఒక వెబ్‌సైటు ఉంటున్నది. ఇటువంటి వాటిలో చాలా భాగం వర్డ్‌ప్రెస్ అనే సాఫ్టువేరు మీద నడుస్తాయి. 2003లో వచ్చిన ఈ సాఫ్టువేరును ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. అందులో మీ సైటు రెండు భాగాలుగా ఉంటుంది. ఫొటోలు, పేజీల రూపం వంటివి ఫైళ్లలో ఉంటాయి. మీరు రాసిన మాటలు, పేర్లు, తేదీలు డేటాబేసు అనే పట్టికలలో ఉంటాయి. ఒకటి ఉండి రెండోది లేకపోతే సైటు నిలబడదు. ఇక ప్లగిన్ అంటే ఏమిటి? బోరు మోటారుకు ఆటోమేటిక్ స్టార్టరు తెచ్చి బిగించుకుంటారు చూడండి, అలాగే సైటుకు అదనంగా బిగించుకునే చిన్న పనిముట్టు. దానంతట అదే సైటుకు నకలు తీసిపెట్టే పనిముట్టును బ్యాకప్ ప్లగిన్ అంటారు.

ఈ సంగతి నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. దెబ్బతిని నేర్చుకున్నాను. నేను పాఠాలు చెప్పే బడి సరిహద్దు పక్కన ఉన్నది. పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడతారు. కొన్నేళ్ల కిందట తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక పని అప్పగించాను. మీ అవ్వల దగ్గర, తాతల దగ్గర కూర్చుని వాళ్ల నోట వచ్చే పాత మాటలు, పొడుపు కథలు, సేద్యం మాటలు రాసుకురండి అన్నాను. పిల్లలు రాసుకొచ్చారు. పూర్వ విద్యార్థి ఒకడు వెబ్‌సైటు కట్టి అవన్నీ ఎక్కించాడు. దూరాన ఉద్యోగాలు చేసుకునే వాళ్లు కూడా చదివి, మా అవ్వ మాట మళ్లీ విన్నట్టుంది అని రాసేవారు.

ఒక వేసవి సెలవుల్లో ఆ సైటు తెరుచుకోలేదు. సైటుకు చోటు అద్దెకిచ్చే కంపెనీ గడువు గుర్తుచేస్తూ ఈమెయిళ్లు పంపింది. అవి ఆ అబ్బాయి వాడటం మానేసిన పాత చిరునామాకు వెళ్లాయి. గడువు దాటింది, ఖాతా తుడిచేశారు. బ్యాకప్ ఉంది కదా అనుకున్నాం. నిజంగానే ఉండింది. వారం వారం తప్పకుండా నకలు తీస్తూనే వచ్చింది. కానీ ఆ నకలును అదే సర్వరులో, పక్క ఫోల్డరులోనే పెడుతూ వచ్చింది. ఇంటికి మారు తాళం చెవి చేయించి, దాన్ని ఇంట్లోనే పెట్టి తాళం వేసుకుని వెళ్లినట్టయింది మా పని.

ఇద్దరు ముగ్గురు పిల్లల నోటు పుస్తకాలు దొరికితే కొంత తిరిగి ఎక్కించాం. మిగిలినవి మళ్లీ అడిగి రాసుకుందామంటే, ఆనాడు చెప్పిన అవ్వల్లో కొందరు ఇప్పుడు లేరు.

ఇటువంటి నష్టం తప్పించడానికే బ్యాకప్ ప్లగిన్లలో మార్పులు వచ్చాయి. వాటిలో ఒకదాన్ని మన చెన్నైలోనే తయారుచేశారు. రెవ్‌మాక్స్ అనే సంస్థ తెచ్చిన డబ్ల్యూపీ టైమ్ క్యాప్సూల్ అన్న ప్లగిన్ అది. దాని పద్ధతి చూస్తే మూడు సంగతులు తెలుస్తాయి.

మొదటిది, నకలును సైటు ఉన్న సర్వరులో ఉంచదు. మీ సొంత క్లౌడ్ ఖాతాకు పంపుతుంది. డ్రాప్‌బాక్స్, గూగుల్ డ్రైవ్, అమెజాన్ ఎస్ త్రీ వంటి వాటికి తోడు, తర్వాతి కాలంలో వసాబి వంటి కొత్త గిడ్డంగులనూ చేర్చారు. ఎక్కువ చోట్లు ఉంటే మనకేమిటి లాభం? ఖర్చును, అవసరాన్ని బట్టి ఎంచుకోవచ్చు. ఒక కంపెనీ ధర పెంచినా, తలుపు మూసినా ఇంకొక చోటికి వెళ్లవచ్చు.

రెండవది, ప్రతిసారీ మొత్తం సైటును మోయదు. మారిన భాగాన్ని మాత్రమే పంపుతుంది. బడిలో హాజరుపట్టీ ఎలా రాస్తాం? పిల్లల పేర్లన్నీ ఒకసారి రాసుకుంటాం. ఆ తరువాత రోజూ ఆనాటి గడి ఒక్కటే నింపుతాం. ఇదీ అంతే. పల్లెల్లో ఇంటర్నెట్ నిదానంగా ఉన్నా, తక్కువ అద్దె సర్వరు అయినా పని ఆగకుండా సాగుతుంది.

మూడవది, సైటులో ఏదైనా కొత్త మార్పు చేసే ముందు ఒక నకలు తీసి ఉంచుతుంది. ఆ మార్పు బెడిసికొడితే నిన్నటి రూపానికి వెనక్కి పోవచ్చు. ఈ సౌకర్యాలు ఈ ఒక్క ప్లగిన్‌కే పరిమితం కాదు. అప్‌డ్రాఫ్ట్‌ప్లస్ వంటివి కూడా నకళ్లను క్లౌడ్‌కు పంపుతాయి. మీకు ఏది అనువుగా ఉంటే అది వాడండి.

అయితే కాపలావాడికి కూడా కాపలా కావాలి. 2020 జనవరిలో ఈ చెన్నై ప్లగిన్‌లోనే ఒక లోపం బయటపడింది. బయటివాడు పాస్‌వర్డు లేకుండానే సైటు నిర్వాహకుడిగా లోపలికి రాగల లోపం అది. తయారుచేసినవారు త్వరగానే సరిచేసి కొత్త వెర్షన్ విడుదల చేశారు. కానీ ఆ కొత్త వెర్షన్‌ను తమ సైటులో వేసుకోని వారికి ఆ మరమ్మతు వల్ల ఏం ప్రయోజనం? కాబట్టి ప్లగిన్ బిగించి మరచిపోకండి. కొత్త వెర్షన్ వచ్చిందని చెప్పగానే వేసుకోండి.

ఇక క్లౌడ్ సంగతి. క్లౌడ్ అంటే మేఘం కనుక, మన వస్తువు ఎక్కడో ఆకాశంలో భద్రంగా ఉందని కొందరు అనుకుంటారు. మేఘమేమీ లేదండీ. అది నేల మీద కట్టిన ఒక పెద్ద భవనం. అందులో వేలాది కంప్యూటర్లు, కరెంటు, చల్లదనం కోసం యంత్రాలు ఉంటాయి. మైక్రోసాఫ్ట్ వారి అటువంటి కేంద్రాలు 2015 నుంచి చెన్నై ప్రాంతంలోనే ఉన్నాయి. అమెజాన్ వారివి 2022 నవంబరు నుంచి హైదరాబాదు ప్రాంతంలో నడుస్తున్నాయి. భవనం అన్నాక నీరు రావచ్చు, నిప్పు అంటుకోవచ్చు. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్ నగరంలో ఓవీహెచ్ అనే కంపెనీ భవనం ఒకటి తగలబడిపోయింది. లక్షలాది సైట్లు ఆగిపోయాయి. కొందరు బ్యాకప్ కోసం విడిగా డబ్బు కట్టినా, ఆ నకలు కూడా ఆ ఆవరణలోనే ఉండి, అసలుతో పాటే కాలిపోయింది. అంతటి సంస్థలోనూ జరిగింది మా చిన్న బడికి జరిగినదే.

తుపానుల దారిలో ఉన్న మనకు ఈ మాట మరింత బాగా అర్థం కావాలి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను మొదట చెన్నైని ముంచింది. తర్వాత తిరుపతి, నెల్లూరు జిల్లాలను తడిపి బాపట్ల దగ్గర తీరం దాటింది. వానకు సరిహద్దు లేదు. ఒకే తుపానుకు చిక్కే రెండు చోట్ల రెండు నకళ్లు పెట్టుకుంటే చాలదు.

మరి మీరు ఏం చేయాలి? ఛాయాగ్రాహకుడు పీటర్ క్రో ప్రచారంలోకి తెచ్చిన సులభమైన లెక్క ఒకటి ఉన్నది. మూడు, రెండు, ఒకటి. మొత్తం మూడు ప్రతులు ఉండాలి. అవి రెండు రకాల సాధనాలలో ఉండాలి. ఒకటైనా వేరే ఊరిలో ఉండాలి. మీ సైటు ఒక ప్రతి. క్లౌడ్ ఖాతాలో ఉన్నది రెండోది. నెలకొకసారి హార్డ్ డిస్కులోకి దించుకున్నది మూడోది. గూగుల్ ఖాతాతో 15 జీబీ చోటు ఉచితంగా వస్తుంది. ఈమెయిళ్లు, ఫొటోలు కూడా అందులోనే సర్దుకోవాలి. అయినా ఒక చిన్న బడి సైటుకు అది సరిపోవచ్చు.

ఇంకో మూడు జాగ్రత్తలు. ఖాతా వివరాలు ఒక్కరి దగ్గరే ఉండనివ్వకండి. ఇద్దరి ఈమెయిళ్లు, ఇద్దరి ఫోన్ నంబర్లు నమోదు చేయించండి. గడువు తేదీని బడి క్యాలెండరులో పరీక్ష తేదీ పక్కనే రాసుకోండి. నకలులో పిల్లల పేర్లు, ఫోన్ నంబర్లు ఉండవచ్చు కనుక క్లౌడ్ ఫోల్డరును అందరికీ తెరిచిపెట్టకండి.

అన్నిటికంటే ముఖ్యమైనది చివరికి చెబుతున్నాను. రైతు విత్తనాలు దాచి ఊరుకుంటాడా? వేసే ముందు గుప్పెడు గింజలు తడిగుడ్డలో కట్టి మొలక చూస్తాడు. మొలవని గింజలు గాదె నిండా ఉన్నా పైరు రాదు. బ్యాకప్పూ అంతే. ఆరు నెలలకొకసారైనా ఆ నకలుతో సైటును వేరొక చోట నిలబెట్టి చూడండి. పేజీలు తెరుచుకుంటున్నాయా, ఫొటోలు వస్తున్నాయా, తెలుగు అక్షరాలు సరిగా కనిపిస్తున్నాయా, ఇవన్నీ చూడండి. అక్షరాలకు బదులు ప్రశ్న గుర్తులు కనబడితే, ఆ లోపం ఆపద రాకముందే తెలియడం మంచిది.

ఇది కొత్త తెలివి అనుకోకండి. సి.పి. బ్రౌన్ కడపలో పండితులను పెట్టుకుని, ఊరూరా ఉన్న తాళపత్ర ప్రతులు తెప్పించి, ఒకదానితో ఒకటి సరిచూసి, శుద్ధ ప్రతులు రాయించాడు. ఒక ప్రతిలో చెద తిన్న చోటు మరొక ప్రతిలో మిగిలి ఉంటే, అక్కడి నుంచి పూరించుకోవచ్చు. ఆయన 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించగలిగాడంటే, అవి అప్పటికే ఒక చోట కాక నలుగురి ఇళ్లలో ఉన్నందువల్లనే. ఆయన సేకరించిన ప్రతులలో చాలా భాగం తర్వాత చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి చేరాయి.

మా బడి సైటు మళ్లీ నడుస్తున్నది. ఇప్పుడు దాని నకలు రెండు చోట్ల ఉన్నది. పిల్లలు మాత్రం అవ్వల మాటలు ముందు నోటు పుస్తకంలోనే రాస్తారు. అది కూడా ఒక ప్రతే కదా.

మీ బడికో, గుడికో, సంఘానికో వెబ్‌సైటు ఉంటే, దాన్ని చూసుకునే వారిని ఈ రోజే రెండు ప్రశ్నలు అడగండి. నకలు ఎక్కడ ఉన్నది? దాన్ని చివరిసారి ఎప్పుడు తెరిచి చూశారు? జవాబు వెంటనే రాకపోతే, ఈ సాయంత్రమే కూర్చుని ఆ పని మొదలుపెట్టించండి.